అడ్మిరల్ హోదా అందుకున్న దంతవైద్యుడు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

సైన్యాలలో పనిచేసే వైద్యుల గురించి గత సంచికలో ఒక పాఠకుడికి జవాబిస్తూ, అమెరికా నౌకాదళంలో దంతవైద్యుడిగా చేరి వైస్ అడ్మిరల్ హోదాతో విరమించిన అలెగ్జాండర్ గోర్డన్ లైల్ పేరును ఒక్క వాక్యంలో ప్రస్తావించాము. ఆ ఒక్క వాక్యానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. ఈ నెల శీర్షికను పూర్తిగా ఆయనకూ, ఆయన చేసిన వృత్తికీ కేటాయిస్తున్నాము.

ప్రశ్న: దంతవైద్యుడు అడ్మిరల్ అయ్యాడని రాశారు. దంతవైద్యం చదువుతున్న మా అబ్బాయికి చూపిస్తే, అచ్చుతప్పు అయి ఉంటుందని నవ్వాడు. ఆ లైల్ ఎవరు? ఎక్కడ చదివారు? అంత ఎత్తుకు ఎలా చేరారు?

జవాబు: అచ్చుతప్పు కాదు. కానీ మీ అబ్బాయి నవ్వడంలో కొంత న్యాయం ఉంది. ఎందుకంటే లైల్ చదువుకుంటున్న రోజుల్లో ఆ నౌకాదళంలో దంతవైద్యులకంటూ ఒక విభాగమే లేదు.

ఆయన 1889 నవంబరులో మసాచుసెట్స్ రాష్ట్రంలోని గ్లోస్టర్ అనే రేవు పట్టణంలో పుట్టారు. దంతవైద్యానికి ప్రపంచంలోనే మొదటి కళాశాలగా 1840లో ఏర్పడిన బాల్టిమోర్ దంతవైద్య కళాశాలలో చదివి 1912లో పట్టా పుచ్చుకున్నారు. అదే సంవత్సరం ఆగస్టు 22న నౌకాదళంలో దంతవైద్య విభాగాన్ని ఏర్పాటు చేసే చట్టం వచ్చింది. మొదట ఆ చట్టం అనుమతించింది 30 మందిని మాత్రమే, వారికిచ్చిన పదవి కూడా తాత్కాలిక సహాయకుల పదవే. పదాతి సైన్యం పరిస్థితి ఇంతకన్నా గొప్పగా ఏమీ లేదు. అక్కడ 1901 నుంచి దంతవైద్యులను కాంట్రాక్టు మీద పెట్టుకున్నారే తప్ప, 1911 మార్చి దాకా అధికారులుగా గుర్తించలేదు. పదేళ్ళపాటు సైనికుల మధ్య ఉండి, సైనికుల పళ్ళు బాగుచేసిన మనిషి సైన్యంలో ఏ హోదాలోనూ లేనట్టే లెక్క.

లైల్ 1915లో నౌకాదళంలో చేరారు. మూడేళ్ళు తిరగకుండానే ఫ్రాన్స్ యుద్ధరంగంలో ఆయన చూపిన సాహసానికి అమెరికా అత్యున్నత సైనిక పురస్కారమైన మెడల్ ఆఫ్ ఆనర్ లభించింది. ఆ సంగతి తరువాతి ప్రశ్నకు జవాబులో చూడవచ్చు. యుద్ధం ముగిశాక ఆయన పట్టణంలో సొంత ప్రాక్టీసు పెట్టుకోలేదు, నౌకాదళంలోనే ఉండిపోయారు. రెండవ ప్రపంచయుద్ధం నడుస్తుండగా, 1943లో, రియర్ అడ్మిరల్ అయ్యారు. నౌకాదళ దంతవైద్య విభాగం నుంచి ఆ హోదా పొందిన మొదటి వ్యక్తి ఆయనే. 1948లో విరమించి, 1955లో మరణించారు. ఆయన సమాధి ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో ఉంది.

ఆయన గురించి రాసేవారందరూ 1918 నాటి ఒక్క రోజును పట్టుకుని, తక్కిన ముప్పై ఏళ్ళను రెండు ముక్కల్లో తేల్చేస్తారు. నాకు మాత్రం ఆ ముప్పై ఏళ్ళే ఎక్కువ ఆసక్తికరం. సాహసం ఏ శాఖలోని మనిషికైనా ఉండవచ్చు, దానికి పతకమూ రావచ్చు. పళ్ళ పనివాడిగా చూసే వ్యవస్థలో, అదే వృత్తిని వదలకుండా, సేనానుల వరుసలో కూర్చోవడం అంతకు ముందు ఆ నౌకాదళంలో ఎవరికీ సాధ్యం కాలేదు.

ప్రశ్న: నౌకాదళంలో ఉద్యోగమంటే ఓడ మీద ఉండాలి కదా, ఫ్రాన్సులో కందకాల దగ్గర ఆయనకేం పని? పైగా పళ్ళు చూసే వైద్యుడు తీవ్రంగా గాయపడిన సైనికుడికి ఏం చేయగలడు?

జవాబు: మొదటి సందేహం తేలికగా తీరుతుంది. అమెరికా మెరైన్ దళాలకు సొంత వైద్యులు ఉండరు. వారికి వైద్యులనూ, దంతవైద్యులనూ, వైద్య సహాయకులనూ నౌకాదళమే పంపుతుంది. అందువల్ల 5వ మెరైన్ రెజిమెంటు ఫ్రాన్సుకు వెళ్ళినప్పుడు లైల్ కూడా దానితోపాటు వెళ్ళారు. 1918 ఏప్రిల్ 23న శత్రువు ఫిరంగులు ఎడతెరిపి లేకుండా గుళ్ళు కురిపిస్తుండగా, రీగన్ అనే కార్పొరల్ తీవ్రంగా గాయపడి పడిపోయాడు. అప్పటికి లెఫ్టినెంట్ కమాండర్‌గా ఉన్న లైల్ అతని దగ్గరకు పరుగెత్తి, గుళ్ళు పడుతూ ఉండగానే శస్త్రచికిత్స చేసి అతని ప్రాణం నిలబెట్టారు. పురస్కార పత్రంలో ఉన్నది ఇంతే. అప్పటికి ఆయన వయసు 28 ఏళ్ళు.

రెండవ సందేహానికి కొంచెం వివరంగా చెప్పాలి. యుద్ధం జోరుగా సాగే వేళ పంటినొప్పి అంటూ ఎవరూ రారు. ఆ గంటల్లో దంతవైద్యుడి కుర్చీ ఖాళీగా ఉంటుంది, పక్కనే గాయపడినవారి శిబిరం మాత్రం కిటకిటలాడుతుంటుంది. శరీర నిర్మాణం తెలిసి, రక్తస్రావాన్ని ఆపడం, మత్తు ఇవ్వడం, కుట్లు వేయడం చేతనైన మనిషిని అలాంటప్పుడు ఊరికే కూర్చోబెట్టే సేనాధిపతి ఉండడు. సైనిక దంతవైద్యుడు యుద్ధ సమయంలో శస్త్రవైద్యుడికి కుడిభుజంగా పనిచేయడం ఆనాటి నుంచి స్థిరపడిన ఆనవాయితీ.

ముఖానికి తగిలే గాయాల విషయంలో అయితే దంతవైద్యుడు సహాయకుడు కాదు, ప్రధాన వైద్యుడే. కందకాల యుద్ధంలో శరీరమంతా నేలమట్టానికి కింద ఉండి, తల మాత్రమే పైకి లేచేది. దానితో ముఖాలు, దవడలు ఛిద్రమైనవారు అంతకు ముందు ఏ యుద్ధంలోనూ లేనంతమంది ఆసుపత్రులకు చేరారు. కింది దవడ ముందు భాగం విరిగిన మనిషిని వెల్లకిలా పడుకోబెడితే, పట్టు తప్పిన నాలుక వెనక్కు జారి, రక్తం గొంతులో చేరి, ఊపిరాడక చనిపోతాడు. అతన్ని ముందుకు వంచి కూర్చోబెట్టాలి, లేదా బోర్లా పడుకోబెట్టాలి. ఇంత చిన్న సంగతి తెలియక మోతమంచం మీదే ప్రాణాలు పోయినవారు ఉన్నారు. ఆ తరువాత విరిగిన దవడ ముక్కలను ఒక వరుసలోకి తేవడానికి మిగిలిన పళ్ళే ఆధారం. పై పళ్ళు, కింది పళ్ళు ఏ తీరుగా కలవాలో తెలిసినవాడే తీగలతో, అచ్చులతో వాటిని కట్టి, ఎముక సరిగా అతికేలా చూడగలడు. గాయాన్ని ముందే కుట్టేసి ఎముక సంగతి తరువాత చూద్దామనుకుంటే, ముఖం లోపలికి ముడుచుకుపోయి శాశ్వతంగా వికృతమవుతుంది.

ఈ విద్యలో ఇద్దరి పేర్లు తప్పక చెప్పాలి. ఆర్మీనియా వంశీయుడైన వరాజ్‌టాడ్ కజాంజియన్ అమెరికాకు వలస వచ్చి, తీగల కర్మాగారంలో కూలీగా పనిచేసి, హార్వర్డ్‌లో దంతవైద్యం చదివారు. 1915లో హార్వర్డ్ వైద్య బృందంతో ఫ్రాన్సుకు వెళ్ళి, మూడు వేలకు పైగా ముఖ గాయాలకు చికిత్స చేశారు. తీగల కర్మాగారంలో అలవాటైన చేతివాటం దవడలు కట్టడంలో అక్కరకు వచ్చిందని నేను అనుకుంటాను. రెండవవారు పారిస్‌లో ప్రాక్టీసు చేస్తూ బ్రిటిష్ సేనకు స్వచ్ఛందంగా సేవలందించిన చార్లెస్ వలాడియే. ప్లాస్టిక్ సర్జరీకి ఆద్యుడిగా చెప్పుకునే హెరాల్డ్ గిల్లీస్‌కు ఆ రంగం మీద ఆసక్తి కలిగింది, 1915లో ఫ్రాన్సు తీరంలోని ఆసుపత్రిలో వలాడియే చేస్తున్న పనిని చూశాకే.

ప్రశ్న: లైల్ లాగే సాహసానికి పతకం పొందిన దంతవైద్యులు ఇంకా ఉన్నారా? అసలు వైద్య సిబ్బంది ఆయుధం పట్టవచ్చునా?

జవాబు: అమెరికా నౌకాదళ దంతవైద్య విభాగంలో మెడల్ ఆఫ్ ఆనర్ పొందినవారు ఇద్దరే. ఒకరు లైల్, రెండవవారు వీడన్ ఆస్బోర్న్. షికాగోలో పుట్టిన ఆస్బోర్న్ 6వ మెరైన్ రెజిమెంటుతో ఫ్రాన్సుకు వెళ్ళారు. 1918 జూన్ 6న, బెలో అడవి పోరాటంలో, గాయపడిన ఒక కెప్టెన్‌ను సురక్షిత స్థలానికి మోసుకెళ్తుండగా గుండు తగిలి ఇద్దరూ మరణించారు. లైల్ సాహసానికీ ఆస్బోర్న్ మరణానికీ మధ్య ఆరు వారాలు మాత్రమే ఉన్నాయి. నౌకాదళం తరువాత ఒక డిస్ట్రాయర్ ఓడకు ఆస్బోర్న్ పేరు పెట్టింది.

మీ రెండవ ప్రశ్నకు సమాధానం పదాతి సైన్యానికి చెందిన బెన్ సాలమన్ కథలో ఉంది. ఆయన దంతవైద్యం చదివి ప్రాక్టీసు పెట్టుకున్నాక, 1940లో సాధారణ సిపాయిగా సైన్యంలోకి వెళ్ళారు. రైఫిల్, పిస్తోలు వాడటంలో నేర్పరి అనిపించుకుని, మెషిన్‌గన్ దళంలో సార్జెంటు అయ్యారు. 1942లో ఆయనను దంతవైద్య అధికారిని చేశారు. 1944 జులై 7న, పసిఫిక్‌లోని సైపాన్ దీవిలో, గాయపడిన బెటాలియన్ వైద్యుడి స్థానంలో తానే పనిచేస్తూ ఉండగా, జపాన్ సైనికులు పెద్ద సంఖ్యలో విరుచుకుపడి చికిత్సా శిబిరంలోకి చొరబడ్డారు. గాయపడినవారిని వెనక్కు తీసుకెళ్ళమని సహాయకులకు చెప్పి, ఆయన ఒక మెషిన్‌గన్ దగ్గర నిలిచిపోయారు. తరువాత అక్కడికి చేరినవారు, ఆ తుపాకి మీద ఒరిగి ఉన్న ఆయన శవాన్నీ, ఎదురుగా 98 మంది శత్రు సైనికుల శవాలనూ చూశారు.

అంతటి పనికి పతకం వెంటనే రాలేదు. వైద్య సిబ్బంది యుద్ధంలో పాల్గొనరు కనుక శత్రువు వారిపై దాడి చేయరాదన్నది జెనీవా ఒప్పందం ఇచ్చిన రక్షణ. ఆ రక్షణకు ప్రతిగా వారు ఆత్మరక్షణకూ, తమ రోగుల రక్షణకూ తప్ప ఆయుధం వాడకూడదు. చేతిమీద రెడ్‌క్రాస్ గుర్తు ధరించే వైద్యాధికారి మెషిన్‌గన్ పట్టాడన్న కారణంతో, పతకం సిఫారసును డివిజన్ అధిపతి అంగీకరించలేదు. గాయపడినవారు తప్పించుకునే దాకా శత్రువును నిలువరించడం రోగుల రక్షణ కాకపోతే మరేమిటని వాదించినవారి మాట నెగ్గడానికి అర్ధశతాబ్దానికి పైగా పట్టింది. 2002 మేలో ఆ పతకాన్ని ప్రకటించారు. నియమం చెడ్డదని నేననను, ఆ నియమం వల్లనే ఎందరో వైద్యులు బతికారు. దాన్ని ఆ రోజు పరిస్థితికి అన్వయించిన తీరులోనే పొరపాటు ఉంది.

ప్రశ్న: సాహసం సంగతి సరే. పన్ను పీకడానికీ, పుచ్చిన చోట నింపడానికీ కెప్టెన్ స్థాయి అధికారి చాలడా? దంతవైద్యుడికి అడ్మిరల్ హోదా ఎందుకు?

జవాబు: ఈ ప్రశ్ననే సేనానులు కూడా చాలాకాలం అడిగారు, జవాబు వారికి పంటినొప్పి రూపంలో దొరికింది. 1914లో బ్రిటిష్ సేన ఫ్రాన్సుకు వెళ్ళినప్పుడు దానితో ఒక్క దంతవైద్యుడు కూడా వెళ్ళలేదు. ఆ శరదృతువులో ఎయిన్ నది దగ్గర పోరు జరుగుతుండగా జనరల్ డగ్లస్ హేగ్‌కు భరించలేని పంటినొప్పి వచ్చింది. వైద్యం చేసేవాడు సేనలో లేకపోవడంతో పారిస్ నుంచి పిలిపించవలసి వచ్చింది. కొద్ది వారాల్లోనే పన్నెండు మంది దంతవైద్యులను ఫ్రాన్సుకు పంపారు. యుద్ధం ముగిసేసరికి ఆ సేనలో 800కు పైగా ఉన్నారు. బ్రిటిష్ సైన్యంలో దంతవైద్యులకు ప్రత్యేక విభాగం 1921లో ఏర్పడింది. సిపాయిల పళ్ళు అంతకు ముందు దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలోనూ వేలాదిగా పాడయ్యాయి, గట్టి బిస్కట్లు నమలలేక ఎందరో వెనుదిరిగారు. అప్పుడు కదలని ఫైళ్ళు జనరల్‌గారి దవడ వాచేసరికి కదిలాయి.

ఇక హోదా విషయం. సైన్యంలో హోదా అంటే భుజం మీది అలంకారం మాత్రమే కాదు. మందులు, పరికరాలు, గదులు, సహాయకులు, ఓడలో కుర్చీ వేసుకునేంత చోటు కావాలంటే, అడిగేవాడి మాట వినిపించే స్థాయిలో ఉండాలి. ఎవరికి చికిత్స ముందు, ఏ దళం బయలుదేరే లోగా ఎందరి పళ్ళు సరిచేయాలి అన్న నిర్ణయాలు జరిగే గదిలోకి చిన్న అధికారికి ప్రవేశం ఉండదు. 1912 నుంచి చాలాకాలం అమెరికా నౌకాదళంలో దంతవైద్యుల పనిని ఇతర వైద్యులే పైనుండి నిర్ణయించేవారు, దంతవైద్యులకు దాని మీద అసంతృప్తి ఉండేది.

పరిస్థితిని మార్చింది సంఖ్య. 1940లో అమెరికా నిర్బంధ సైనిక సేవకు యువకులను పిలిచినప్పుడు ఒక కనీస నిబంధన పెట్టింది. ఎదురెదురుగా కలిసే ముందు పళ్ళు పైన మూడు, కింద మూడు. నమిలే పళ్ళు పైన మూడు, కింద మూడు ఉంటే చాలు. అంటే ముప్పై రెండింటిలో పన్నెండు. ఆర్థికమాంద్యంలో పెరిగిన ఆ తరంలో అంతమాత్రం కూడా లేనివారు ఎంతమంది తేలారంటే, మొదటి ఏడాది తిరస్కరణలకు కారణాలలో పళ్ళ లోపాలే అగ్రస్థానంలో నిలిచాయి. చివరకు 1942లో నిబంధన సడలించి, పళ్ళు లేనివారిని కూడా చేర్చుకుని, కట్టుడు పళ్ళు అమర్చే బాధ్యత సైన్యమే తలకెత్తుకుంది. ముప్పై మందితో మొదలైన నౌకాదళ దంతవైద్య విభాగం 1945 నాటికి సుమారు 7,000 మందికి పెరిగింది. అంతమందిని ఓడలకూ, దీవులకూ, శిక్షణ కేంద్రాలకూ పంచి పనిచేయించడం కెప్టెన్ చేతిలో ఉండే పని కాదు. పదాతి సైన్యం దంతవైద్యుడిని 1938లోనే బ్రిగేడియర్ జనరల్ చేసింది. లైల్ రియర్ అడ్మిరల్ అయిన 1943లోనే అక్కడ మరొకరు మేజర్ జనరల్ అయ్యారు. నౌకాదళంలో దంతవైద్య సేవల నిర్వహణను దంతవైద్యులకే అప్పగించే చట్టం 1945 చివర్లో వచ్చింది.

ప్రశ్న: పై హోదాకు చేరిన దంతవైద్యుడు ఇంకా రోగులను చూస్తాడా? అతని పని ఏమిటి?

జవాబు: పైకి పోయేకొద్దీ కుర్చీ పక్కన నిలబడే గంటలు తగ్గుతాయి. ఈ వృత్తిలో పైకెదిగినవారికి ఇదొక చిక్కు: చేతిపనిలో ఆరితేరినవాడికే పదోన్నతి వస్తుంది, పదోన్నతి వచ్చాక ఆ చేతిపనే దూరమవుతుంది.

ఆయన ముందుండే అసలు ప్రశ్న ఒక్కటే: రేపు దళం బయలుదేరితే, రాబోయే ఏడాదిలో ఎందరు పంటినొప్పితో పనికిరాకుండా పోతారు? జలాంతర్గామిలోనో, కొండ శిఖరాన కాపలా స్థావరంలోనో ఒక్కడికి దవడ వాస్తే, అతన్ని దింపడానికి ప్రయాణమే ఆపవలసి రావచ్చు. అందుకే అనేక సైన్యాలు సిపాయిలను పళ్ళ స్థితిని బట్టి నాలుగు తరగతులుగా విభజిస్తాయి. మొదటి తరగతివారికి చికిత్స అవసరం లేదు. రెండవ తరగతివారికి అవసరమే కానీ, పన్నెండు నెలలలోపు అత్యవసర పరిస్థితి రాకపోవచ్చు. మూడవ తరగతివారికి వచ్చే అవకాశం ఉంది. నాలుగవవారు పరీక్షే చేయించుకోనివారు. మొదటి రెండు తరగతులవారే ప్రయాణానికి యోగ్యులు. మూడు, నాలుగు తరగతుల సంఖ్యను తగ్గించడమే సీనియర్ అధికారి పనితీరుకు కొలబద్ద.

విమాన చోదకులు, గజ ఈతగాళ్ళ విషయంలో మరో జాగ్రత్త కూడా ఉంటుంది. పైకి ఎగిరినా, నీటి లోతుకు దిగినా చుట్టూ ఉన్న పీడనం మారుతుంది. నేల మీద ఏ బాధా పెట్టని పుచ్చు, సరిగా నిండని పూత అప్పుడు ఉన్నట్టుండి మెలితిప్పే నొప్పి కలిగిస్తాయి. ఇక ప్రతి సిపాయి పళ్ళ ఎక్స్‌రేలను భద్రపరచడం కూడా ఆ విభాగం బాధ్యతే, మరణించినవారిని గుర్తుపట్టడానికి అవి పనికివస్తాయి కనుక. పళ్ళను బట్టి గుర్తుపట్టే పద్ధతి ఎంత పాతదంటే, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, 1775లో బంకర్ హిల్ పోరులో మరణించిన జోసెఫ్ వారెన్ శవాన్ని మరుసటి ఏడాది గుర్తుపట్టినది, ఆయనకు తీగతో కట్టుడు పన్ను అమర్చిన పాల్ రివియర్ అనే కంసాలి.

ప్రశ్న: లైల్ రియర్ అడ్మిరల్ అయ్యారని ఒకచోట, వైస్ అడ్మిరల్ అని మరొకచోట చదివాను. ఏది సరైనది?

జవాబు: రెండూ సరైనవే. ఉద్యోగంలో ఉండగా ఆయన చేరిన హోదా రియర్ అడ్మిరల్. 1948లో విరమించినప్పుడు వైస్ అడ్మిరల్‌గా విరమించారు. యుద్ధరంగంలో చూపిన ప్రతిభకు ప్రశంస పొందిన అధికారులకు, విరమణ సమయంలో ఒక మెట్టు పై హోదా ఇచ్చే నియమం ఆ నౌకాదళంలో 1959 దాకా ఉండేది. ఆ పై మెట్టు గౌరవానికి సంబంధించినది. ఉద్యోగంలో పనిచేసినది మాత్రం 1943లో వచ్చిన హోదాతోనే, అందువల్ల ఆయన గురించి రాసేటప్పుడు నేను ఆ సంవత్సరాన్నే ముందు రాస్తాను.